మన దొరలు వచ్చిన ఇసుక నేల



కోత పండుగ నాడు గుమ్మడికాయల వేలంపాట ముగిసిన తరువాత యవ్వనస్థులు కొందరు మా వద్దకు వచ్చి ఒక ప్రశ్న వేశారు. "అయ్యగారూ, ఆ జర్మను దొరలు అంత కలిగినవాళ్ళు కదా, మన పల్లెలకు ఎందుకు వచ్చారు?" మిషను కాంపౌండులోని బంగళాను, దాని ఎత్తైన కప్పును, చుట్టు వరండాను చూసి పెరిగిన పిల్లలు అలా అనుకోవడంలో వింత లేదు. మన తాతలు కూడా అలాగే అనుకున్నారు. గుర్రం మీద వచ్చినవాడు, టోపీ పెట్టుకున్నవాడు, కలెక్టరుతో కుర్చీలో కూర్చుని మాట్లాడేవాడు బీదవాడని ఎవరు అనుకుంటారు?

అయితే వారు ఏ నేల నుండి వచ్చారో మేము కళ్ళారా చూసి వచ్చాము. ఆ సంగతులు అప్పుడప్పుడు ప్రసంగాల్లో ముక్కలు ముక్కలుగా చెప్పాము గాని ఒకచోట కూర్చి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాము.

2009లో మన ప్రాంతపు హాస్టలులో పిల్లల మధ్య ఒక ఏడాది సేవ చేయడానికి వచ్చిన జర్మను యువకుణ్ణి మీలో పెద్దవారు మరచిపోయి ఉండరు. నేల మీద బాసిపట్టు వేసుకుని ముద్దపప్పు, ఆవకాయ కలుపుకుని తినేవాడు. ముక్కు కారుతున్నా ఆపేవాడు కాదు. 2018 ఆగస్టులో అతడే మమ్మల్ని, మా ఇంటి అమ్మగారిని తన తల్లిదండ్రుల ఇంటికి పిలిపించుకున్నాడు. తొమ్మిది రోజులు ఉన్నాము. జర్మనీ ఉత్తర భాగంలో హనోవరు నగరం దిగి, రైలులో సెల్లె అనే పట్టణానికి, అక్కడినుండి కారులో హెర్మన్స్‌బుర్గ్ దగ్గరి ఒక చిన్న పల్లెకు చేరాము. హెర్మన్స్‌బుర్గ్ అంటే మన గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట ప్రాంతాల లూథరను కుటుంబాలకు కొత్త పేరు కాదు. మన పాత బాప్తిస్మపు రిజిస్టర్ల మొదటి పుటల మీద చేవ్రాళ్ళు చేసినవారు అక్కడ చదివి వచ్చినవారే.

ముందు ఆ నేలను గురించి చెప్పాలి, ఎందుకంటే తక్కిన కథంతా ఆ నేలలోనే ఉంది.

దానిని ల్యూనెబుర్గ్ హైడె అంటారు. హైడె అంటే బీడు అనుకోవచ్చు, అయితే మన బీడు వంటిది కాదు. మోకాలి ఎత్తు ఉండే గట్టి పొద ఒకటి మైళ్ళ తరబడి పరచుకుని ఉంటుంది. ఆగస్టు నెలలో అదంతా వంగపండు రంగులో పూస్తుంది. చూడటానికి అందమే. రైతుకు మాత్రం అది అందం కాదు. కింద ఉన్నది ఉత్త ఇసుక. వాన కురిస్తే సారమంతా కిందికి దిగిపోతుంది. మన సముద్రపు ఒడ్డు గ్రామాల్లో ఇసుక దిబ్బల మీద సరుగుడు తప్ప ఏమీ వేయని నేల ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఆ నేల మీద మనుషులు బ్రతకడానికి చేసిన పని వింటే మన రైతులకు అర్థమవుతుంది. ఆ పొదలను వేళ్ళతో, మట్టితో సహా పెద్ద గడ్డపారల వంటి పనిముట్లతో చెక్కలు చెక్కలుగా కోసేవారు. ఆ చెక్కలను పశువుల కొట్టంలో పరిచేవారు. పశువుల పేడ, మూత్రం వాటిలో ఇంకిన తరువాత తీసి పొలానికి వేసేవారు. ఎరువుకు వేరే దారి లేదు. ఒక చిన్న చేను పండాలంటే దానికి ఎన్నో రెట్ల బీడును చెక్కి తేవాలి. పండేది రై అనే ధాన్యం, బక్‌వీట్ అనే మరొక గింజ. గోధుమ ఆ నేలకు పెద్దింటి పంట. తరువాతి కాలంలో బంగాళాదుంప వచ్చింది. ఇప్పుడు ఆ ప్రాంతం బంగాళాదుంపకు జర్మనీ అంతటా పేరు పొందింది. రసాయన ఎరువులు, బోర్లు వచ్చిన తరువాతి మాట అది.

బీడు మీద మేసేవి హైడ్‌ష్నుకె అనే గొర్రెలు, బూడిద రంగు బొచ్చు, నల్లటి మొహం, కొమ్ములు. పూల కాలంలో తేనె తీసేవారు. తేనెటీగల బుట్టలు గడ్డితో అల్లి, పైన పేడతో అలికేవారట. ఈ మాట మిత్రుని తండ్రి చెప్పగానే మా అమ్మగారు నవ్వు ఆపుకోలేకపోయారు. పేడ చేత్తో ముట్టుకోవడం మన దేశం వాళ్ళకే తెలుసని ఆమె ఇంతకాలం అనుకున్నారు.

పాత ఇళ్ళు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. ఓక్ దూలాల చట్రం, మధ్యలో ఇటుక, పైన ఒకప్పుడు గడ్డి కప్పు. ముందువైపు ఎద్దుబండి పట్టేంత పెద్ద తలుపు. తలుపు తీస్తే పొడవాటి కళ్ళం, ఇంటి లోపలే. అటు ఇటు పశువులు, గుర్రాలు. పైన అటకలో ధాన్యం. చిట్టచివర పొయ్యి, ఆ పొయ్యి చుట్టూ కుటుంబం. పొగగొట్టం లేదు. పొగ కప్పులో తిరిగి తిరిగి, అక్కడ వేలాడదీసిన మాంసాన్ని ఎండబెట్టి, గడ్డి సందుల్లోంచి పోయేది. పశువుల వేడే ఇంటికి వేడి. పెద్ద తలుపు మీది దూలంలో ఇల్లు కట్టిన భార్యాభర్తల పేర్లు, సంవత్సరం, ఒక వాక్యం చెక్కి ఉంటాయి. మన విశ్వాసుల ఇళ్ళ గుమ్మాల మీద యెహోషువ 24:15 రాయించుకుంటాము కదా, వారిదీ అదే అలవాటు. మేము చూసిన దూలం మీద కీర్తన వాక్యం ఉంది. అక్షరాలు చెదలు పట్టక నిలిచాయంటే ఓక్ కర్ర బలం, చలిదేశపు బలం.

ఈ పల్లెల మధ్యకు 1844లో లుడ్విగ్ హార్మ్స్ అనే పాదిరి, ముసలివాడైన తన తండ్రికి సహాయకుడుగా వచ్చాడు. 1808లో వాల్స్‌రోడెలో పుట్టాడు. తండ్రి హెర్మన్స్‌బుర్గ్ సంఘపు కాపరి. తండ్రి మరణించాక 1849లో ఇతడే కాపరి అయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా ఒంటి నొప్పులతో బాధపడినవాడు. గుడిలో పుస్తకపు జర్మను భాషలో బోధించి, ఆదివారం సాయంత్రం మాత్రం ఇంట్లో చుట్టూ జనాన్ని కూర్చోబెట్టుకుని వారి పల్లె మాటలో, ప్లాట్ అనే యాసలో, కథలు చెప్పేవాడు. ఆ రోజుల్లో చదువుకున్నవారు ప్లాట్ మాట్లాడటం నామోషీ. మన జిల్లా యాసలో ప్రసంగం చేస్తే కొందరు ఇప్పటికీ మొహం ముడుచుకుంటారు, తెలుసు కదా. పాలేర్లు, పనికత్తెలు ఆ సాయంత్రాలకు వచ్చి కూర్చునేవారు. ఆ కథలు చెప్పిన వరండా మాటల్లోనే ఈ ఉజ్జీవానికి సగం కారణం ఉందని మా అభిప్రాయం.

ఆ పాలేర్లు, రైతుబిడ్డలు మిషనరీలుగా పోతామన్నారు. అప్పటి మిషను సంస్థలు చదువు లేనివారిని తీసుకోవు. హార్మ్స్ 1849లో ఊళ్ళోనే ఒక ఇల్లు తీసుకుని పన్నెండుమందితో బడి పెట్టాడు. పొద్దున చదువు, తక్కిన పొద్దు పొలం పని, వడ్రంగం, కమ్మరం. ఎవరి తిండి వారు సంపాదించుకోవాలి. వారిని పంపడానికి ఓడ టిక్కెట్లకు డబ్బు లేదు. అందుచేత ఓడనే కట్టిద్దామన్నారు! సముద్రం కనబడని ఊరు. హాంబుర్గ్ అవతలి ఒడ్డున హార్బుర్గ్‌లో ఓడ కట్టించి, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలోని ఐతియొపీయుల రాణి పేరు మీద కందాకే అని పేరు పెట్టారు. రైతులు రై, ఎండబెట్టిన మాంసం, పిల్లలు అల్లిన మేజోళ్ళు తెచ్చి ఓడలో నింపారు. 1853 అక్టోబరులో అది బయలుదేరింది. ఎనిమిదిమంది మిషనరీలు, వారితో వ్యవసాయం, చేతి పనులు చేసేందుకు ఎనిమిదిమంది వలసదారులు.

పోవాలనుకున్నది తూర్పు ఆఫ్రికాలోని ఒరోమో ప్రజల వద్దకు. అక్కడ అడుగు పెట్టనివ్వలేదు. తిరిగి దక్షిణానికి వచ్చి నాటాల్‌లో దిగి, 1854లో కొత్త హెర్మన్స్‌బుర్గ్ కట్టుకున్నారు. ఆస్ట్రేలియా నడి ఎడారిలో 1877లో ఇంకొక హెర్మన్స్‌బుర్గ్ వెలసింది. ఆదివాసీ చిత్రకారుడు ఆల్బర్ట్ నామట్జీరా 1902లో పుట్టింది అక్కడే. ఆఫ్రికాలో ఈ మిషను పెద్ద పెద్ద భూములకు యజమాని అయింది. ఆ భూముల లెక్క, తెల్లదొరతనంతో పొత్తు లెక్క అక్కడి సంఘాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. అడగవలసిన లెక్కే. బీదవాడుగా ఓడ ఎక్కినవాడు దిగిన చోట దొర అయ్యాడు. ఇది మన దగ్గర కూడా జరిగింది. ఇసుక నేల పాలేరు కొడుకు మద్రాసులో దిగగానే అతని తోలు రంగు అతనికి గుర్రం, బంగళా, కుర్చీ ఇచ్చింది.

తెలుగు నేలకు జర్మను మనుషులు రావడం ఇది మొదలు కాదు. బెంజమిన్ షుల్ట్జె అనే మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చి, స్వదేశానికి తిరిగి వెళ్ళిన తరువాత 1746, 1747లలో హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మన భాషకు తొలి అచ్చు పుస్తకాలు అవే. మేము మొక్కే అక్షరం మొదట జర్మనీలో సీసంలో పోతపోయబడిందంటే ఆశ్చర్యమే. గుంటూరుకు 1842 జూలై 31న వచ్చిన హెయరు దొరగారిని అమెరికా సంఘం పంపింది గాని, ఆయన పుట్టింది హెల్మ్‌స్టెట్‌లో, మేము బస చేసిన పల్లెకు రెండు గంటల దూరంలో. రాజమండ్రి మిషనును 1844లో మొదలుపెట్టిన వాలెట్ ఉత్తర జర్మను సంఘం మనిషి. సాలూరు, పార్వతీపురం వైపు వచ్చినవారు డెన్మార్కు సరిహద్దు దగ్గరి బ్రెక్లుం నుండి వచ్చారు.

మన దక్షిణ తాలూకాలకు వచ్చినవాడు ఆగస్ట్ మిలియుస్. ఇంతకుముందు లైప్‌జిగ్ మిషను తరఫున తమిళ దేశంలో పనిచేసిన అనుభవం ఉన్నవాడు. 1865లో సూళ్ళూరుపేటలో కేంద్రం పెట్టాడు. అదే సంవత్సరం నవంబరులో హార్మ్స్ హెర్మన్స్‌బుర్గ్‌లో ప్రభువునందు నిద్రించాడు. తరువాత నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, రాపూరు, శ్రీకాళహస్తి, తిరుపతి, కోడూరు. 1876-78 నాటి గొప్ప కరువు నెల్లూరు జిల్లాను ఎలా కాల్చిందో మన ముత్తాతల నోట కథలుగా విన్నాము. గంజి తొట్ల దగ్గర, అనాథ పిల్లల శాలల్లో, మాలపల్లె మాదిగపల్లెల్లో ఈ మిషనుకు, మనకు బంధం బిగిసింది.

ఆ దొరల ఉత్తరాలు హెర్మన్స్‌బుర్గ్‌లో నెలనెలా వచ్చే మిషను పత్రికలో అచ్చయ్యేవి. 1854లో హార్మ్స్ మొదలుపెట్టిన పత్రిక అది. ఆదివారం మధ్యాహ్నం ఆ ఇసుక పల్లెల్లో రైతులు స్వర్ణముఖి ఒడ్డు పల్లెల సంగతులు చదివి, కానుక డబ్బాలో చిల్లర వేసేవారు. యవ్వనస్థుల ప్రశ్నకు మా జవాబు ఇక్కడ ఉంది. మన బడులకు, ఆసుపత్రులకు వచ్చిన సొమ్ములో ఎంతో భాగం ఆవులతో ఒకే కప్పు కింద పడుకున్నవారి సొమ్ము.

1914లో యుద్ధం వచ్చింది. జర్మను పౌరులు కనుక మిషనరీలను బ్రిటిషు ప్రభుత్వం నిర్బంధించింది. అహ్మద్‌నగర్ శిబిరంలో కొందరిని పెట్టారు. తరువాత గోల్కొండ అనే ఓడలో దేశం దాటించారు. పేరు మన గోల్కొండే, పని మాత్రం చేదు పని. అమెరికాలోని ఒహాయో సినడు మన సంఘాలను చేరదీసింది. 1945లో దక్షిణ ఆంధ్ర లూథరను సంఘం ఏర్పడింది. మన పెద్దలు అమెరికా దొరల కాలం చెప్పుకున్నంతగా జర్మనుల కాలం చెప్పుకోకపోవడానికి ఇదే కారణం.

ఇక మిత్రుని నానమ్మగారి సంగతి. ఇంట్లో అందరూ ఆమెను ఓమ అంటారు. మా అమ్మగారు మొదటి రోజునుండే "మామ్మగారూ" అని పిలిచారు, ఆమె పలికారు. అప్పటికి ఎనభై రెండేళ్ళు. వీపు వంగినా బంగాళాదుంపల తొక్క తీసే కత్తి చేతిలోంచి దిగదు. ఆ ఇంట్లో సాయంత్రం పొయ్యి వెలిగించరు. నల్ల రై రొట్టె, వెన్న, జున్ను, పొగబెట్టిన మాంసం, ఊరబెట్టిన దోసకాయలు బల్ల మీద పెడతారు. అదే రాత్రి భోజనం. మూడో రోజుకు మాకు అన్నం మీద ప్రాణం కొట్టుకుంది. మిత్రుని తల్లి కనిపెట్టి, అన్నం వండి, అందులో పాలు, చక్కెర, దాల్చినచెక్క పొడి వేసి ప్రేమతో పెట్టారు. తిన్నాము.

ఆ బల్ల దగ్గర మామ్మగారు తమ కథ చెప్పారు, మనవడు తెలుగులోకి మార్చాడు. ఆమె ఆ ఊరివారు కారు. తూర్పున పొమెరేనియాలో పుట్టారు. ఇప్పుడు అది పోలండు. 1945 చలికాలంలో రష్యా సైన్యం వస్తున్నదని తల్లి ముగ్గురు పిల్లల్ని గుర్రపు బండి ఎక్కించి మంచులో పడమరకు బయలుదేరింది. తండ్రి యుద్ధం నుండి రాలేదు. ఆ రోజుల్లో, ఆ తరువాతి ఏళ్ళలో, తూర్పు ప్రాంతాల నుండి సుమారు కోటి ఇరవై లక్షలమంది జర్మనులు ఇలా నిలువ నీడ లేకుండా వచ్చారు. హైడె పల్లెల్లో ప్రతి ఇంటికీ ఇన్ని కుటుంబాలని అధికారులు పంచారు. ఇప్పుడు మేము కూర్చున్న ఇంట్లోనే, పందుల మేత ఉడికించే గదికి ఆనుకుని ఒక గది వారికి ఇచ్చారట. ఇంటివారు గడపలో నిలబడి, ఎన్ని చెంచాలు తెచ్చారో లెక్క చూసుకున్నారట, పోయేటప్పుడు ఎక్కువ తీసుకుపోకుండా.

"గుడికి పోయేవారే," అన్నారామె. "మంచి పాటలు పాడేవారే. మా అమ్మను మాత్రం వెనుక బల్లలో కూర్చోమన్నారు." బడిలో పిల్లలు ఆమెను పోలండుదానివని వెక్కిరించారు. పన్నెండు పదమూడేళ్ళు గడిచాక ఆ ఇంటి చిన్న కొడుకే ఆమెను పెళ్ళాడాడు. అత్తగారు రెండేళ్ళు సరిగా మాట్లాడలేదు. ఆ అత్తగారి చివరి రోజుల్లో మలమూత్రాలు ఎత్తి సేవ చేసింది ఈమే. ఇది చెబుతూ మామ్మగారు కన్నీరు పెట్టలేదు, గర్వపడలేదు. చేతిలోని దుంప తిప్పుతూ చెప్పారు.

ఐదవ రోజు మిత్రుడు ఒక మాట అడిగాడు. "అయ్యగారూ, బెల్సెన్ చూస్తారా? మీరు వద్దంటే పోవద్దు. కాని మా ఊరికి వచ్చి అది చూడకుండా పోతే నా మనసు ఒప్పదు." కారులో అరగంట కూడా పట్టలేదు.

బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో 52 వేలమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది యూదులు. వారికి ముందు, ఆ కాలంలో కూడా, యుద్ధ ఖైదీలు సుమారు 20 వేలమంది పోయారు. వీరిలో ఎక్కువమంది సోవియట్ సైనికులు, 1941-42 చలికాలంలో ఆరుబయట గుంటలు తవ్వుకుని పడుకుని, ఆకలితో, జబ్బులతో పోయినవారు. ఆన్ ఫ్రాంక్ అనే అమ్మాయి, ఆమె అక్క 1945 మొదట్లో ఇక్కడే మరణించారు. 1945 ఏప్రిల్ 15న బ్రిటిషు సైన్యం లోపలికి వచ్చేసరికి వేల శవాలు పూడ్చకుండా పడి ఉన్నాయి. టైఫస్ భయానికి గుడిసెలన్నీ కాల్చివేశారు. అందుచేత ఇప్పుడు అక్కడ కట్టడాలు లేవు. చెట్ల మధ్య పెద్ద మైదానం, అందులో పొడవాటి దిబ్బలు. ఒక్కొక్క దిబ్బకు ఒక రాయి, రాయి మీద లోపల ఎంతమంది ఉన్నారో అంకె. వెయ్యి. రెండు వేల ఐదువందలు. పేర్లు లేవు. ఆగస్టు నెల కనుక దిబ్బల నిండా అదే వంగపండు రంగు పువ్వు పూసి ఉంది.

ఖైదీలను రైలులో తెచ్చి కొన్ని కిలోమీటర్ల దూరంలో దించి, రోడ్డు మీద నడిపించి తీసుకుపోయేవారు. ఆ రోడ్డు పక్కన ఇళ్ళున్నాయి. అప్పుడూ ఉన్నాయి. సెల్లె పట్టణంలో 1945 ఏప్రిల్ 8న ఖైదీలతో నిండిన రైలు మీద బాంబులు పడ్డాయి. బ్రతికి అడవిలోకి పరుగెత్తినవారిని సైనికులు, పోలీసులు, వారితోపాటు ఊరి మనుషులు కొందరు వెదకి వెదకి కాల్చారు. మేము రైలు దిగి, పాత ఇళ్ళ అందం చూసి మురిసిన పట్టణమే.

ఆ రాత్రి మామ్మగారిని మేము ఏమీ అడగలేదు. ఆమే అన్నారు. "నాకు తొమ్మిదేళ్ళు. ఊళ్ళో పెద్దవాళ్ళు మాకు తెలియదు అనేవారు. తరువాత నా భర్తను అడిగాను. అతను కొట్టంలోకి లేచి పోయాడు. ఎప్పుడడిగినా కొట్టంలోకే పోయాడు."

అప్పుడు మిత్రుని తండ్రి మావైపు తిరిగి, మీ దేశంలో ఇటువంటి సంగతులు సంఘంలో మాట్లాడతారా అని అడిగారు. మర్యాదకు అడిగిన ప్రశ్న కాదు. మేము కారంచేడు గురించి, చుండూరు గురించి చెప్పాము. 1985 జూలై, 1991 ఆగస్టు. చంపబడినవారి పేర్ల మీద మన గుడుల్లో ఎన్నిసార్లు ప్రార్థన జరిగింది, ఎన్ని గుడుల్లో ఆ మాటే ఎత్తలేదు, ఇవి చెప్పాము. ఆయన చాలాసేపు బల్ల వైపు చూస్తూ ఉన్నారు. ఇది మీకు రాయాలా వద్దా అని మా ఇంట్లో చర్చ జరిగింది. రాయమని అమ్మగారే అన్నారు.

హార్మ్స్ ఊరికి అంత దగ్గరలో బెల్సెన్ ఎలా సాధ్యమైంది? ఉజ్జీవం అబద్ధమని కొందరంటారు. మేము అలా అనుకోము. దూరదేశపు పొరుగువాని కోసం మేజోళ్ళు అల్లిన పల్లె నిజమే, రోడ్డు మీద నడిపించబడుతున్న పొరుగువాణ్ణి చూసి కిటికీ మూసిన పల్లె కూడా నిజమే. సుమారు తొంభై ఏళ్ళ తేడాతో అవే ఇంటి పేర్లు. అధికారులకు లోబడుమన్న రోమా 13వ అధ్యాయాన్ని జర్మను లూథరను సంఘాలు ఎక్కువగా చదివి, దానికి ముందున్న 12వ అధ్యాయాన్ని తక్కువగా చదివాయి. హిట్లరు మనుషులతో కలిసిపోయిన పాదిర్లు ఉన్నారు, ఎదిరించి చెరకు పోయినవారు ఉన్నారు, మధ్యలో రాజీపడి గుడి తలుపులు కాపాడుకున్నవారు అందరికంటే ఎక్కువ ఉన్నారు. 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో ఆ సంఘాల నాయకులు తమ అపరాధాన్ని ఒప్పుకుంటూ ప్రకటన చేశారు. అందులో యూదుల మాట విడిగా లేదు. మా మిత్రుడు ఆ లోపాన్ని మాకు చూపించాడు.

ఆ ప్రాంతంలో ఇంకొక గాయం ఉంది. 1935 తరువాత హిట్లరు సైన్యం ఫిరంగుల అభ్యాసానికని రెండు డజన్ల దాకా గ్రామాలను ఖాళీ చేయించింది. తరతరాల ఇళ్ళు, ఓక్ చెట్లు వదిలి రైతులు పోయారు. ఆ నేల ఈనాటికీ సైనికుల శిక్షణ భూమే. మేమున్న ఇంట్లో రాత్రిపూట ఫిరంగి మోత వినబడింది, గాజు గ్లాసులు సన్నగా అదిరాయి. మిలియుస్ దిగిన సూళ్ళూరుపేట పక్కన శ్రీహరికోట ఉంది కదా. రాకెట్ల కోసం అక్కడినుండి కదిలించబడిన యానాది కుటుంబాల సంగతి మనలో చాలామందికి తెలుసు. రాకెట్టు లేచినప్పుడు మన కిటికీలు కూడా అదురుతాయని చెబితే మిత్రుని తండ్రి మొదటిసారి పెద్దగా నవ్వారు.

సంతోషమైన మాట కూడా ఒకటి చెప్పాలి. పంతొమ్మిదవ శతాబ్దం చివర ఉన్ని ధర పడిపోయి, గొర్రెలు తగ్గి, హైడె అంతా పైన్ చెట్ల తోటలుగా మారిపోతున్నప్పుడు, దాన్ని కొంతైనా నిలబెట్టింది ఎగెస్టోర్ఫ్ అనే పల్లె పాదిరి. పేరు విల్‌హెల్మ్ బోడె. 1906లో ఒక ప్రొఫెసరు చేత ఒక లోయను కొనిపించాడు. 1910లో అక్కడి ఎత్తైన గుట్ట, విల్‌జెడె కొండ, చేతికి వచ్చింది. మేము ఒకరోజు ఆ గుట్ట ఎక్కాము. గుట్ట అంటే 169 మీటర్లు. వెంకటగిరి కొండలు చూసిన కళ్ళకు అది మిట్ట. అయినా ఆ చదును దేశంలో అక్కడినుండి చాలా దూరం కనబడుతుంది. పల్లె పాదిరికి పొలాల గొడవ ఎందుకని ఆయన్ను కూడా ఎవరో అనే ఉంటారు.

ఆదివారం ఆ పల్లె గుడికి పోయాము. గంటలు పది నిమిషాలు మ్రోగాయి. ఆర్గను గొప్పగా పలికింది. మేము లెక్కపెట్టాము, మాతో కలిపి ఇరవై ఆరుగురు. మూడు వందలమంది పట్టే గుడి. మనకు గుడి చాలక పందిరి వేస్తాము. అక్కడ ప్రభుత్వమే సభ్యుల ఆదాయపు పన్నుతో పాటు సంఘపు పన్ను వసూలు చేసి ఇస్తుంది, ఆ రాష్ట్రంలో ఆదాయపు పన్ను మీద నూటికి తొమ్మిది. సొమ్ము ఉంది, కప్పు కారదు, మనుషులు లేరు. మామ్మగారు ముందు బల్లలో కూర్చున్నారు. ఆ సంగతి మాకు అమ్మగారు మోచేత్తో పొడిచి చూపించారు.

ఒక విన్నపం. హెర్మన్స్‌బుర్గ్‌లో మన తాలూకాల పాత ఉత్తరాలను భద్రంగా ఉంచారు, మన ఊళ్ళ పేర్లు జర్మను అక్షరాల్లో. మన వైపు కాగితాలు మాత్రం చెదల పాలవుతున్నాయి. మీ ఇళ్ళలో, ట్రంకు పెట్టెల్లో 1920కి ముందటి బాప్తిస్మపు చీటీలు, పెళ్ళి సర్టిఫికెట్లు, ఉపదేశుల డైరీలు, ఫొటోలు ఉంటే క్రిస్మసుకు ముందు వచ్చే ఆదివారాల్లో వెస్ట్రీ గదికి తీసుకురండి. మా మిత్రుడు పంపిన స్కానరు అక్కడ ఉంది. కాపీ తీసుకుని, మీ కాగితం మీకు వెంటనే ఇచ్చేస్తాము. పాలిథిన్ కవరులో వేయకండి, చెమ్మ పడుతుంది. పాత నూలుగుడ్డలో చుట్టి తెండి.